కదిలితే పోయే పాట

ఆ రెండో శనివారం పొద్దున సంజీవరావు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. అత్తగారు మార్తమ్మ పామర్రు నుంచి మొదటి బస్సుకు వస్తుంది. ఇడ్లీలు తింటుంది. తొమ్మిదింటికి ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చుంటుంది. ఎదురుగా రేడియోలో ఆవిడ కూతురు, అంటే సంజీవరావు భార్య హన్నా, లలితగీతం పాడుతుంది; కిందటి వారమే రేడియో స్టేషనుకు వెళ్లి రికార్డు చేసి వచ్చింది. అల్లుడు పక్కన నిలబడి, పాటకు తగ్గట్టు సౌండు సవరిస్తాడు.

నిజానికి ఆ పాట కోసం మార్తమ్మ ఊరు దాటి రావలసిన పని లేదు. పంచాయతీ ఆఫీసు రేడియో పామర్రు అంతటికీ వినిపిస్తుంది. సంజీవరావే ఒప్పుకోలేదు. "సంతలో నిలబడి పాట వింటారా అత్తయ్యా? మా ఇంటికి రండి. మా సెట్టులో వింటే హన్నా పక్కన కూర్చుని పాడినట్టుంటుంది" అని పామర్రు వెళ్లి మరీ చెప్పి వచ్చాడు. చిన్నప్పుడు హన్నా అంట్లు తోముతూ పాట ఎత్తుకుంటే "ముందు పని కానియ్యవే" అని కసిరిన మనిషి మార్తమ్మ. కూతురి పాట ఒక్కటైనా తీరిగ్గా కూర్చుని విన్నది లేదని ఆవిడకు లోలోపల బాధ. ఆ మాట పైకి అనలేదు గాని, పండక్కి తప్ప తీయని పట్టుచీర కట్టుకుని బస్సు దిగింది.

ఇక ఆ సెట్టు సంగతి. సంజీవరావు కాలువల ఆఫీసులో హెడ్ గుమాస్తా. అక్కడ ఆయన మాట ఎవరు వింటారో తెలియదు గాని, పటమటలో వాళ్ల వీధిలో మాత్రం రేడియోల విషయంలో ఆయన చెప్పిందే శాసనం. తాను కరెంటు మీద పలికే వాల్వుల సెట్టు, అంటే లోపల గాజు బుడ్లు వెలిగే రకం, ఒకటి కొని, పక్కింటి కాశీరావు చేతా, ఆ పక్కింటి వెంకటరత్నమ్మగారి చేతా, మూలింటి రావమ్మ చేతా అదే కొనిపించాడు. మాట వినని వాడు ఎదురింటి శౌరయ్య ఒక్కడే. అతను బ్యాటరీలతో పలికే చిన్న ట్రాన్సిస్టరు కొనుక్కుని, గుడికి పూజకు వెళ్లేటప్పుడు కూడా భుజాన తగిలించుకునేవాడు. సంజీవరావు దానికి 'అగ్గిపెట్టె' అని పేరు పెట్టాడు. ఆ పేరు బెంజి సర్కిలు దాకా పాకింది. శౌరయ్య నొచ్చుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇడ్లీలు అయ్యాక సంజీవరావు ముందుజాగ్రత్తగా రేడియో మీట తిప్పాడు. అది పలకలేదు. లోపలి దీపమూ వెలగలేదు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది కాబట్టి కరెంటు ఉన్నట్టే. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. పెట్టె మీద అరచేత్తో రెండు చరుపులు చరిచాడు. ఏమైందని హన్నా అడిగితే, వేడెక్కుతోందని చెప్పాడు.

వెనక అట్ట ఊడదీశాక ఆయనకు ధైర్యం వచ్చింది. ఆఫీసులో ఫైలు కనపడకపోతే గుమాస్తాలను ఒక్కొక్కరినే నిలదీసి దోషిని పట్టడం ఆయనకు అలవాటు. ఇక్కడా అంతే; ఆ సెట్టులో ఒక్క వాల్వు మాడినా మిగతావేవీ వెలగవు. పనిచేసే వాల్వు ఒకటి తెచ్చి, ఒక్కొక్కదాని స్థానంలో పెట్టి చూడాలి. దేని స్థానంలో పెడితే సెట్టు వెలుగుతుందో అదే చెడినట్టు. పద్ధతి మంచిదే. కాశీరావును అడిగితే "మీరు అడగాలాండీ" అని, వింటున్న వార్తలు మధ్యలో ఆపేసి, వాల్వు పీకి చేతిలో పెట్టాడు. అది పెట్టగానే వాల్వులన్నీ ఒక్కసారి దేదీప్యమానంగా వెలిగాయి. సంజీవరావు మొహమూ వెలిగింది. మరుక్షణం రెండూ ఆరిపోయాయి.

లోపం వాల్వులది కాదని తర్వాతెప్పుడో తేలింది. కరెంటును అదుపు చేసి వాల్వులకు అందించే రెసిస్టెన్సు లోపల చెడిపోయి, వచ్చిన కరెంటంతా వాటి మీద పడుతోంది. ఎంత మంచి వాల్వు తెచ్చి పెట్టినా ఏదో ఒకటి మాడిపోక తప్పదు. ఇదేమీ తెలియని సంజీవరావు, కాశీరావు వాల్వు నాసిరకమని తేల్చేసి వెంకటరత్నమ్మగారి ఇంటికి బయల్దేరాడు.

తన సెట్టు చెడిందని ఆవిడతో అనడానికి నోరు రాలేదు. వాల్వులు తుడిచి ఇస్తే రేడియో ఎక్కువకాలం మన్నుతుందని చెప్పాడు. ఆవిడ సంతోషించి ఒకటి అడిగితే రెండు ఇచ్చింది. అంతటితో ఊరుకోక, సంజీవరావుగారు వాల్వులు శుభ్రం చేసి పెడుతున్నారని గోడ మీదుగా రావమ్మకు చెప్పింది. రావమ్మ తన సెట్టులోవి మొత్తం ఊడదీసి, తువ్వాలులో మూటగట్టి పట్టుకొచ్చింది. ఆవిడ నమ్మకం చూసి సంజీవరావు కాదనలేకపోయాడు. తొమ్మిది కావస్తుండగా ఆ వరసలో నాలుగిళ్ల రేడియోలూ మూగబోయాయి. మాడిన వాల్వులు ఆయన లాల్చీ జేబులో గలగలలాడుతున్నాయి.

తమ ఇళ్లలో రేడియోలు పలకవు కాబట్టి ఆ ముగ్గురూ పాట వినడానికి సంజీవరావు ఇంటికే వచ్చి చాప మీద కూర్చున్నారు. పడక్కుర్చీలో మార్తమ్మ పమిట సర్దుకుని, రేడియో వంక భక్తిగా చూస్తోంది. కాలిన వాసన వస్తోందని రావమ్మ అంది. సంజీవరావు చటుక్కున ప్లగ్గు పీకి కాళ్ల దగ్గర పడేసి, మోకాళ్ల మీద కూర్చుని తల మళ్లీ పెట్టెలో దూర్చాడు.

హన్నా గడియారం చూసి, భర్త చెవి దగ్గరకు వంగింది. "శౌరయ్యగారిని అడుగుదామండీ. అమ్మ అంత దూరం నుంచి వచ్చింది."

"అగ్గిపెట్టెలో వింటుందా మీ అమ్మ? రెండు నిమిషాలాగు."

ఆమె ఆగింది. రెండు నిమిషాలయ్యాక మళ్లీ వచ్చి, అమ్మను తీసుకుని వెళ్తున్నానని మెల్లగా చెప్పింది. ఏదో తీగ సందున స్క్రూడ్రైవరు దూర్చే హడావుడిలో ఉన్న సంజీవరావు ఊఁ అన్నాడు. ఆమె ఏమందో ఆయన చెవికి ఎక్కలేదు.

స్క్రూడ్రైవరు కొన లోపల దేనికో తగిలింది. సరిగ్గా అప్పుడే వీణ మోగింది. వెనకే హన్నా గొంతు.

సంజీవరావు కొయ్యబారిపోయాడు. చెయ్యి అర అంగుళం కదిలితే పాట పోతుంది. మోకాలి కింద ఏదో గుచ్చుకుంటున్నా, మెడ మీద చెమట కారుతున్నా, చీమ చెవి వెనక పాకుతున్నా ఉలకలేదు, పలకలేదు. పెళ్లయిన నాటి నుంచి హన్నా వంటింట్లో ఎన్ని పాటలు పాడిందో. ఆయన ఒక్కటైనా పేపరు పక్కన పెట్టి వినలేదు. ఇప్పుడు కదలడానికి లేక మొదటి అక్షరం నుంచి చివరి దాకా విన్నాడు. చరణంలో ఆమె గొంతు పైకి లేచి, అక్కడే నిలిచి, నెమ్మదిగా కిందికి దిగినప్పుడు ఆయనకు కళ్లు చెమర్చాయి. ఇంత బాగా పాడే మనిషి తన ఇంట్లో ఉందా అని సిగ్గుపడ్డాడు.

పాట అయిపోయింది. పాడినవారు హన్నా అని చెప్పడం కూడా వినిపించింది. "విన్నారా అత్తయ్యా?" అంటూ గర్వంగా వెనక్కి తిరిగాడు. పడక్కుర్చీ ఖాళీగా ఉంది. చాప ఖాళీగా ఉంది. తిరగడంలో స్క్రూడ్రైవరు తీగల్లోంచి ఊడి వచ్చింది, అయినా రేడియో వరి నారుమళ్ల గురించి చెబుతూనే ఉంది. మోకాలి కింద గుచ్చుకుంటున్నదేమిటా అని చూసుకుంటే ప్లగ్గు.

ఎదురింటి అరుగు మీంచి అందరూ దిగి వస్తున్నారు. ముందు మార్తమ్మ, కళ్లు ఒత్తుకుంటూ. వెనక శౌరయ్య, భుజాన ట్రాన్సిస్టరుతో. వీధిలో మరో రేడియో మోగక అది చివరి ఇంటిదాకా వినిపించింది.

"పెద్దగానే పెట్టానండీ, మీ గుమ్మం వైపు తిప్పి," అన్నాడు శౌరయ్య మొహమాటంగా. "మీరు కూడా వింటారని."

సంజీవరావు ఒకసారి ఆ ట్రాన్సిస్టరు వంక చూశాడు. "మీ సెట్టు చాలా బాగా పలుకుతుందండీ శౌరయ్యగారూ" అన్నాడు చివరికి. ఆ మాట అనడం వాల్వులు మార్చడం కన్నా కష్టమైంది. లాల్చీ జేబులో చెయ్యి పెట్టి, మాడిన వాల్వులన్నీ తీసి బల్ల మీద పోశాడు. కాశీరావు తనది ఏదో పోల్చుకుందామని చూసి, మానుకున్నాడు.

"ఈ మరమ్మతు గోలలో పడి మీరే వినలేకపోయారు పాపం, అల్లుడుగారూ," అంది మార్తమ్మ.

"విన్నానండీ. మొత్తం విన్నాను. కదలకుండా."

హన్నా భర్త చేతిలో స్క్రూడ్రైవరు చూసింది, చెమర్చిన కళ్లు చూసింది, మోకాలి దగ్గర ప్లగ్గు చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

"ఆ రేడియో ఇక బాగుచేయించకండి," అంది.