బీరువా మీద ఎం.ఏ.

సందేహంగారు చరిత్రలో ఎం.ఏ. చెయ్యాలనుకున్నది జ్ఞానం కోసం కాదు. భార్య మీద ఒక్కసారైనా గెలవడం కోసం.

సందేహం ఆయన అసలు పేరు కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలించడం ఆయన ఉద్యోగం. కాలు విరిగిందని వచ్చినవాణ్ణి కూడా "ఏ కాలు?" అని అడిగి, కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, మళ్ళీ "ఏ కాలన్నారు?" అని అడుగుతారు. అందుకని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. ఆఫీసులో ఆయన ఎవరినీ నమ్మరు. ఇంట్లో ఆయన్ని ఎవరూ నమ్మరు.

ఆయన భార్య పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "రెండు పూటలా తోముకుంటానండీ" అనేవాళ్ళ నోళ్ళు చూసీ చూసీ, మనిషి మాట కంటే లోపల ఉన్నదాన్ని నమ్మడం ఆవిడకి అలవాటైపోయింది.

వాళ్ళిద్దరి మధ్య ఉన్న తగాదా ఒక్కటే. బీరువా. నిలువెత్తు చెక్క బీరువా; కొన్న రోజున పడకగది గుమ్మంలో పట్టలేదు. హాల్లో కిటికీకి అడ్డంగా నిలబడిపోయింది. అప్పట్నుంచీ ఆ హాల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. లైటు వేసినప్పుడల్లా తగాదా.

"కొలవకుండా కొన్నది మీరు."

"కొందామన్నది నువ్వు."

"నేను కొందామన్నది బీరువా. మీరు కొన్నది ఇంకో గది."

"గుమ్మం కొలుద్దామంటే నువ్వే వద్దన్నావు."

"అన్నానా? ఎప్పుడు? ఎక్కడ? పక్కన ఎవరున్నారు?"

ఇవన్నీ సందేహంగారు ఆఫీసులో అడిగే ప్రశ్నలే. అడగడం వచ్చుగానీ, జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. అలాంటి ఒక ఓటమి తర్వాత ఆయన వెళ్ళి విశ్వవిద్యాలయం సాయంత్రం తరగతుల్లో చేరారు. గతాన్ని రుజువు చెయ్యడమే చరిత్ర అని ఎక్కడో విన్నారు.

"ఈ వయసులో చదువేమిటండీ?" అంది భార్య.

"గతం తెలియని మనిషికి భవిష్యత్తు లేదు."

"సరే. వచ్చేటప్పుడు కూరగాయలు తీసుకురండి."

తరగతిలో పాఠం చెప్పే ఆచార్యురాలిని పిల్లలు చాటుగా 'ఆధారం మేడం' అనేవాళ్ళు. ఎవరేం చెప్పినా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఆధారం?" అనేవారు. సందేహంగారికి ఆవిడ తెగ నచ్చారు. ఆ మాటని జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చారు.

"కుళాయి కట్టెయ్యకుండా వెళ్ళిపోయారు" అంది భార్య.

"కళ్ళారా చూసినవాళ్ళున్నారా? లేకపోతే అది ఊహాగానం."

ఆ రాత్రి సందేహంగారు బల్ల ముందు కూర్చుని, "వడ్డించు, ఆకలేస్తోంది" అన్నారు.

"ఆధారం?"

"ఆకలికి ఆధారమేమిటే, కడుపు."

"కడుపు మీ తరఫు సాక్షి. చెల్లదు."

అప్పట్నుంచీ ఆయన భోజనానికి ముందు చరిత్ర ఎత్తడం మానేశారు.

రెండో ఏడు పరిశోధన వ్యాసం రాయాలి. మీకు బాగా తెలిసిన ఒక వస్తువు తీసుకుని, అది మనుషుల బతుకుల్లోకి ఎలా వచ్చిందో రాయమన్నారు మేడం. ఒకరు కుట్టుమిషను తీసుకున్నారు. ఒకరు గడియారం. సందేహంగారు లేచి నిలబడి, "బీరువా" అన్నారు. విశ్వవిద్యాలయం ముద్ర పడిన తీర్పు మీద ఇంట్లో అప్పీలు ఉండదని ఆయన నమ్మకం.

మొదట బీరువా అమ్మిన షాపాయన దగ్గరికి వెళ్ళారు.

"గుర్తుపట్టారా?"

"మిమ్మల్ని మర్చిపోతామా సార్? టేపు ఇస్తానంటే, 'నా కళ్ళే టేపు' అన్నారు. ఇప్పటికీ కొనడానికొచ్చిన ప్రతివాళ్ళకీ మీ సంగతి చెప్పి, ముందు గుమ్మం కొలుచుకు రమ్మంటాను."

ఇది నమ్మదగిన సాక్ష్యం కాదని సందేహంగారు తేల్చేశారు. షాపాయన వ్యాపారి కదా, స్వార్థం ఉంటుంది. ఏ స్వార్థమో మాత్రం ఆలోచించలేదు.

ఇక మిగిలింది బావమరిది. ఆ రోజు బీరువా మోసినవాళ్ళలో అతనొకడు. అప్పుడు పట్టిన నడుం ఇంకా పూర్తిగా వదలలేదు. బంధువులు 'నడుంబాబు' అంటారు.

"గుమ్మం కొలవద్దని మీ అక్క అంది. నువ్వు విన్నావు" అన్నారు సందేహంగారు.

"వినలేదు బావా. నేను బీరువా కింద ఉన్నాను."

"కింద ఉంటే చెవులు పనిచెయ్యవా?"

నడుంబాబు ఆలోచించాడు. "నీ స్కూటరు నాకు ఎన్నాళ్ళిస్తావు?"

ఆ విధంగా చరిత్రకి సాక్షి దొరికాడు. వ్యాసం చకచకా సాగింది.

"ఎంతవరకు వచ్చింది?" అంది భార్య ఒకరోజు.

"ముగింపు రాస్తున్నాను."

"తప్పెవరిదట?"

"చరిత్ర ఎవరి పక్షమూ వహించదు."

"అయితే నాదన్నమాట."

తమ్ముడు స్కూటరు మీద తిరుగుతుండటం ఆవిడ అప్పటికే చూసింది. సరిగ్గా ఆ వారంలోనే ఆధారం మేడంకి దవడ పన్ను సలపడం మొదలైంది. ఆవిడ వచ్చి కూర్చున్నది సందేహంగారి భార్య పనిచేసే డాక్టరు కుర్చీలోనే.

నోట్లో దూది, గొట్టం పెట్టాక, చీటీలో పేరు చూసి గుర్తుపట్టిన భార్య మెల్లిగా అంది. "మేడం, మా ఆయన బీరువా మీద రాస్తున్నారు కదా. వస్తువుని చూడకుండానే మార్కులు వేసేస్తారా?"

నోరు తెరిచి ఉన్న మనిషి వాదించలేదు. మేడం "ఊఁ" అన్నారు. నొప్పి అనుకుని డాక్టరు ఇంకో ఇంజెక్షనిచ్చాడు.

మౌఖిక పరీక్ష సందేహంగారి ఇంట్లోనే పెడతామని కబురొచ్చింది.

మేడంతోపాటు బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పరీక్షకుడు వచ్చారు. మడిచిన గొడుగులా సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మాట్లాడరు, రాసుకుంటారు. నడుంబాబుని పిలిచారు.

"అక్క గుమ్మం కొలవద్దంది. నేను విన్నాను. నా చెవులు పనిచేస్తున్నాయి" అన్నాడు నడుంబాబు గుక్కతిప్పుకోకుండా.

"ఏ గుమ్మం?" అన్నారు మేడం.

ఇంట్లో గుమ్మాలు చాలా ఉన్నాయి. నడుంబాబు అన్నిటినీ ఒకసారి చూసి, "అది బావ చెప్పలేదండి" అన్నాడు.

పరీక్షకుడు రాసుకున్నారు.

సందేహంగారు లేచి బీరువా దగ్గరికి నడిచారు. ఏదో ఒకటి చెయ్యాలి. "అసలు కొలతల గొడవే లేదు మేడం. కొంచెం ఏటవాలుగా పెడితే ఇది హాయిగా లోపలికి వెళ్తుంది. ఆ రోజు నన్ను వాల్చనివ్వలేదు" అన్నారు.

"టేపు తెమ్మంటారా?" అంది భార్య.

"ఎందుకు? కంటికి కనిపిస్తూనే ఉందిగా."

పరీక్షకుడు కలం ఆపి, ఆయన్ని చూసి, మళ్ళీ రాసుకున్నారు.

లోపలివైపు నుంచి చూస్తానని మేడం పడకగదిలోకి వెళ్ళారు. సందేహంగారు బీరువాని వాల్చి తోశారు. పరీక్షకుడు కలం జేబులో పెట్టుకుని ఒక చెయ్యేశారు. నడుంబాబు దూరం నుంచి కాలేశాడు. బీరువా సగం దాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడ ఆగిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు. గుమ్మంలో చెయ్యి దూరేంత సందు కూడా లేదు.

కిటికీకి ఉన్న అడ్డం తొలగడంతో హాలంతా ఎండ పరుచుకుంది. భార్య వెళ్ళి ఆ ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏమండీ" అన్న మేడం గొంతు బీరువా వెనక నుంచి వినిపించింది. "కొన్న రోజు కూడా ఇలాగే జరిగిందా?"

సందేహంగారు బీరువాని ఇంకోసారి తోసి చూశారు.

"నిదానంగా చెప్పండి. నేను ఎక్కడికీ వెళ్ళను. వెళ్ళలేను."

"ఇలాగేనండి."

"కొలవక్కర్లేదన్నది ఎవరు?"

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

"నేనేనండి."

అంతటితో మౌఖిక పరీక్ష పూర్తయింది. మేడంకి పడకగది కిటికీ ఊచల సందులోంచి టీ అందించారు. కబురందుకున్న షాపాయన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, "గుమ్మం కొలిచారా సార్?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా, కిటికీ ఊచల సందులోంచి మేడంకి ఒక స్క్రూడ్రైవరు అందించి, బీరువా వెనక చెక్క ఎలా విప్పాలో చెప్పాడు. కాసేపటికి బీరువా తలుపు తెరుచుకుంది. వేలాడే కోట్ల మధ్య నుంచి ఆధారం మేడం హాల్లోకి దిగి, కళ్ళజోడు సర్దుకుని, "ఇంత దగ్గరగా ఆధారాన్ని నేనెప్పుడూ చూడలేదు" అన్నారు.

షాపాయన మనుషులు బీరువాని గుమ్మంలోంచి ఊడలాగి, మళ్ళీ కిటికీ ముందే నిలబెట్టి వెళ్ళారు. ముగింపు తిరగరాస్తేనే డిగ్రీ అన్నారు. సందేహంగారు తిరగరాశారు. తన తప్పుని ఇంత నిష్పక్షపాతంగా రుజువు చేసిన విద్యార్థి మరొకరు లేరని పరీక్షకుడు మెచ్చుకుని మొదటి తరగతి ఇచ్చారు. వ్యాసం అట్ట కట్టించి గ్రంథాలయంలో పెట్టారు. కావలసినవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. నడుంబాబు స్కూటరు తిరిగివ్వలేదు. సాక్ష్యం చెప్పడం వరకే తన ఒప్పందమనీ, అది చెల్లడం చెల్లకపోవడం తనకి సంబంధం లేదనీ అన్నాడు.

ఈమధ్య పక్కింట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. పరిచయానికి వచ్చిన పెద్దమనిషి అటూ ఇటూ చూసి, "ఇంత బీరువా కిటికీకి అడ్డంగా పెట్టారేమిటండీ?" అన్నాడు.

సందేహంగారు గబుక్కున వంటింట్లోకి వెళ్ళబోయారు.

"దాని సంగతి నాకంతగా తెలీదండీ" అంది భార్య మర్యాదగా. "మావారు దానిమీదే ఎం.ఏ. చేశారు. ఆయన్నే అడగండి."

పెద్దమనిషి ఎంతో గౌరవంగా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. సందేహంగారు వెనక్కి వచ్చి, గొంతు సవరించుకుని, మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టారు.