సామ్రాజ్యం చెప్పిన ఆరంకెలు

మంగళవారం పదిన్నరకు సామ్రాజ్యం ఫోన్లో ఎవరికో ఆరంకెలు చెప్పింది. పది ముప్పై ఒకటికల్లా ఆమె సామ్రాజ్యం కాకుండా పోయింది. మిర్చి యార్డు వెనక వీధిలో ఇదేమీ కొత్త కాదు. పోయిన నెలలో పాలకేంద్రం ఆయనా ఇలాగే పోయి, నాలుగు రోజులకు తిరిగొచ్చాడు.

తొడిమలు తీసే పనికి బయల్దేరుతూ ఆమె చెంగు బిగిస్తుంటే, మొగుడు చలమయ్య తలెత్తి చూసి, "ఎవరు కావాలమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అంత మర్యాదగా పలకరించడం అదే మొదలు. ఆమెకు కాస్త ముచ్చటేసింది కూడా. అంతలోనే స్లాబు గుర్తొచ్చింది. రేకులు పీకేసి స్లాబు వేయించాలని పదకొండేళ్లుగా కూలి డబ్బుల్లోంచి దాచిందంతా ఆ ఖాతాలోనే ఉంది. చెప్పులైనా వేసుకోకుండా బ్యాంకుకు పరుగెత్తింది.

బ్యాంకులో మూడో కౌంటరు, తాము తాము కాకుండా పోయినవాళ్ల కోసం పెట్టింది. అక్కడి అమ్మాయి ఫారం ఇచ్చింది. సామ్రాజ్యం తన పేరు రాయగానే ఆ అమ్మాయి కొట్టేసింది.

"పేరు రాస్తారేంటండీ? అదిప్పుడు మీది కాదుగా."

"మరి నేనెవర్నమ్మా?"

"ఖాళీగా వదిలేయండి. కింద ఖాతాదారు సంతకం కావాలి. ఆయన బస్టాండు పక్క లాడ్జిలో ఉన్నారు."

వేలిముద్ర పెట్టి చూద్దామంటే, తొడిమలు తీసీ తీసీ ఆమె వేళ్ల గీతలు ఏనాడో అరిగిపోయాయి. ఆమె సామ్రాజ్యంగా ఉన్న రోజుల్లో కూడా ఆ యంత్రం ఆమెను గుర్తుపట్టిన పాపాన పోలేదు.

లాడ్జిలో ఉన్న మీసాలాయనకు మాత్రం సుఖమెక్కడిది? కాజేసినవాడికి పేరొక్కటే రాదు కదా. మధ్యాహ్నం చలమయ్య వచ్చి మంచం మీద చతికిలబడి, "పప్పుచారు ఇంకా పెట్టలేదా?" అని కసిరాడు. బుధవారం మేస్త్రి వచ్చి యార్డుకు లాక్కెళ్లాడు. మిరపకాయల ఘాటుకు ఆయన చేతులు రెండూ బొబ్బలెక్కాయి. గురువారం పొదుపు సంఘం ఆడవాళ్లు పదిమంది ఆ గదిలోనే మీటింగు పెట్టి, టీలో చక్కెర తక్కువైందని ఆయన్ని దులిపేశారు. డబ్బు తీసుకుని ఉడాయిద్దామంటే చెయ్యి రాలేదు. సామ్రాజ్యం పదకొండేళ్లుగా ఆ డబ్బు ముట్టలేదు మరి. ఆ అలవాటు కూడా ఆయనకే వచ్చి చేరింది.

శుక్రవారం ఆయన బ్యాంకుకు వచ్చాడు. మూడు రోజులుగా అక్కడి బల్లనే అంటిపెట్టుకున్న సామ్రాజ్యం కాళ్ల మీద పడి, "తల్లీ, నీ బతుకు నువ్వు తీసుకో" అన్నాడు.

"తీసుకుంటాలేవయ్యా, ముందు లెగు" అంది ఆమె.

మేనేజరు అడ్డొచ్చాడు. "కుదరదు. ఖాతాదారు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. గోడ మీద రాశాం."

"నాది నాకే గదయ్యా చెప్పేది?"

"ఎవరికీ అంటే మీక్కూడా."

భద్రత ఇంత పకడ్బందీగా పనిచేయడం ఆ శాఖలో అదే మొదటిసారి. మేనేజరు ముఖం వెలిగిపోతోంది.

సామ్రాజ్యం మూడో కౌంటరు దగ్గరికి నడిచింది. కౌంటరు అమ్మాయి ఫోను అడిగి తీసుకుని, నాలుగడుగులు పక్కకు జరిగి, ఇప్పుడు ఆయనదైపోయిన తన నంబరుకు కలిపింది. "నమస్కారమండీ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ కార్డు ఆగిపోతది. ఆరంకెలు వచ్చినయ్యేమో చూసి చెప్పండి."

మీసాలాయన ఆమెను కళ్లెదుట చూస్తూనే ఉన్నాడు. అయినా ఇప్పుడు తనే సామ్రాజ్యం గనక సామ్రాజ్యంలాగే కంగారుపడ్డాడు. "అయ్యో, ఆపమాకండి బాబూ, రాసుకోండి" అని ఒక్కో అంకె రెండేసి సార్లు చెప్పాడు. మేనేజరు కళ్లద్దాలు సవరించుకుని ఊరుకున్నాడు. ఫోన్లో అడిగితే ఆపాలని రూలేమీ లేదు. ఇంతవరకు ఎవరినీ ఆపలేదు కూడా.

సామ్రాజ్యం మళ్లీ సామ్రాజ్యం అయింది. నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. వాయిదా కట్టడానికి వచ్చిన సంఘం ఆడవాళ్లు చుట్టుముట్టి, "ఏడకి పోయినావే ఇన్నాళ్లు?" అని వీపు మీద చరిచారు. మీసాలాయనకు తన అసలు పేరేమిటో ఎంతకీ గుర్తు రాలేదు. కౌంటరు అమ్మాయి ఆయనకో ఫారం ఇచ్చింది.

అప్పటినుంచి ఆ వీధిలో ఫోనొస్తే ఎవరూ తామే తామని ఒప్పుకోరు. బ్యాంకు కూడా ఆ పద్ధతి మెచ్చి, నేను నేను కాదని చెప్పడం ఖాతాదారు కర్తవ్యమని గోడకు కొత్త కాగితం అంటించింది.

స్లాబు పోసే రోజు చలమయ్య ఇంటి దగ్గర్నుంచి యార్డుకు ఫోను చేశాడు.

"సామ్రాజ్యమేనా?"

"కాదు."

"నేను నీ మొగుణ్ణి కాదు. కాంక్రీటు అయిపోవచ్చింది, చూద్దువుగాని రా. వచ్చేటప్పుడు కూలోళ్లకు టీ పట్టుకురా."

"చక్కెర ఎక్కువేయించనా?" అని అడిగి, సామ్రాజ్యం నవ్వుకుంటూ లేచింది.