గండి దగ్గర కనకరత్నం

పెద్ద వరద వచ్చి వెళ్లిన రెండో ఏడు, గువ్వలంకలో ప్రతి తలుపు మీదా సున్నంతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది కాబట్టి, ఊరి దెయ్యం కనకరత్నం రోజూ దీపాలు పెట్టే వేళకు వచ్చి, ఒక్కో తలుపు దగ్గరా ఆగి చదువుకుని, మర్నాడు రావడానికి వెనక్కి వెళ్లిపోయేది. దీనివల్ల ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆ వేళకు పిల్లల్ని లోపలికి పిలిచేవారు. కుక్కలు లేచి దారి ఇచ్చేవి. ఎక్కడైనా అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఆమే గొంతు సవరించుకుని, "మీది చెరిగిందండీ, చూసుకోండి" అని చెప్పి, చదివినట్టే అనుకుని ముందుకు నడిచేది.

కనకరత్నం ఆ ఊరి కోడలే. పెద్ద వరదలో ఏటిగట్టుకు గండి పడ్డప్పుడు, గేదె పలుపు విప్పుదామని వెళ్లి కొట్టుకుపోయింది. గేదె ఈదుకుంటూ ఇంటికి వచ్చేసింది. గండి అలాగే ఉండిపోయింది.

తలుపుల మీద రాసేది బుల్లెంకన్న. ముసలివాడు, మాట తక్కువ. చిన్నప్పుడు మూడేళ్లు బడికి వెళ్లాడు. ఆ చదువుతో కూడబలుక్కుని రాసేవాడు. "స్త్రీ" దగ్గర కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు. చదువుకున్నవాడని గండి పూడ్పించే పని కూడా ఊరు అతనికే అప్పగించింది. రోజూ పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న గట్ల ఆఫీసుకు వెళ్లేవాడు. గుమాస్తా ప్రకాశరావు "రేపు రావయ్యా" అనేవాడు. బుల్లెంకన్న దణ్ణం పెట్టి వచ్చేసేవాడు. ఊళ్లో ఎవరైనా విసుక్కుంటే, "రావద్దనలేదు కదా" అనేవాడు. ఆ ఆఫీసంటే అతనికి నిజంగానే కృతజ్ఞత.

కొన్నాళ్లకు ప్రకాశరావుకు గొంతు పోయింది. 

"మీ ఊళ్లో దెయ్యానికి తలుపుల మీద రాస్తారంట కదా. పని చేస్తుందా?" అని బొంగురుగా అడిగాడు.

"చేస్తదండి."

"అయితే మాకూ ఒకటి రాసిపెట్టు. వచ్చినవాళ్లందరికీ నోటితో చెప్పలేక చస్తున్నాను."

"స్త్రీ అని రాయమంటారా అండి?"

"అక్కర్లేదు. అందరికీ వర్తించేలా రాయి."

బుల్లెంకన్న "రేపు రండి" అని రాశాడు. మర్నాడు పడవ దిగి వెళ్లి, తను రాసిందే తను చదువుకుని, తలుపుకు దణ్ణం పెట్టి తిరిగొచ్చాడు. "స్త్రీ" లేనందువల్ల రాయడం సులువైందని మాత్రం అనుకున్నాడు.

రేవు నుంచి ఊళ్లోకి దారి గండి అంచు మీదుగా పోతుంది. అతను ఆఫీసు నుంచి వచ్చే వేళా, కనకరత్నం ఊళ్లోకి బయల్దేరే వేళా ఒకటే. అందుకని ఇద్దరూ కలిసి నడిచేవారు.

"ఏవన్నారు మావయ్యా?"

"రేపు రమ్మన్నారమ్మాయ్."

"నాకూ అదే."

ఒకరోజు బుల్లెంకన్న అడిగాడు. "మగోళ్లని తీసుకుపోడానికి వస్తన్నావని ఊళ్లో అనుకుంటన్నారు. నిజవేనా?"

కనకరత్నం పగలబడి నవ్వింది. "ఉన్న ఒక్కడితోనే ఏగలేకపోయాను. ఇంకోణ్ణి తెచ్చుకుని ఎక్కడ పెట్టుకోను మావయ్యా? గండి పూడ్చారా అని అడుగుదావనొస్తన్నాను. పూడ్చారంటే ఎల్లి పడుకుంటాను. అది తెరుచుకునుంటే, తలుపెయ్యకుండా పడుకున్నట్టుంటది. నిద్రెక్కడ పడుద్ది?"

ఈ సంగతి బుల్లెంకన్న ప్రెసిడెంటు గారికి చెప్పాడు. ఆయన అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

"మగోళ్ల కోసవైతేనే నయవయ్యా. ఎవణ్ణో ఒకణ్ణి చూపించి ఊరుకునేవోళ్లం. ఇదడిగితే ఏం చెప్తాం? అక్షరాలు ఇంకాస్త లావుగా రాయి."

బుల్లెంకన్న లావుగా రాశాడు.

ఆషాఢం దాటాక గోదావరి ఎర్రబడింది. నీళ్లు గండి అంచుకు వచ్చి ఆగాయి. జనం బియ్యం బస్తాలు అటకెక్కించారు. గేదెల పలుపులు ముందే విప్పి పెట్టారు. ఈసారి గండిలోంచి ఏరు లోపలికొస్తే ఊరు మిగలదని అందరికీ తెలుసు. ప్రకాశరావు గొడుగు వేసుకుని పడవలో వచ్చాడు. గండి దగ్గర బురదగా ఉన్నందున తలుపులు తనిఖీ చేశాడు. దెయ్యాన్ని ఆపగలిగిన రాత నీటిని ఎందుకు ఆపదు, రెండూ ఏటి వైపు నుంచి వచ్చేవే కదా అన్నాడు. మట్టి మోయడం కంటే రంగు వేయడం తేలిక అని కూడా అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. త్వరలోనే ఆఫీసు నుంచి ఒక బోర్డు వచ్చింది. "ఇచ్చట వరద ప్రవేశించుట నిషేధము" అని ఉంది. దాన్ని గండిలో పాతారు. మర్నాడు పొద్దెక్కే వేళకు గోదావరి బోర్డు కాళ్లు తడిపి, పక్కనుంచి లోపలికి రావడం మొదలుపెట్టింది.

"పొమ్మంటే ఎవరు పోతారండి?" అన్నాడు బుల్లెంకన్న. అతను అంత మాట్లాడటం ఊళ్లో ఎవరూ వినలేదు. "రమ్మనాలి. రేపు రమ్మనాలి. మనం ఎల్లట్లేదా?"

మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఆఫీసు అక్షరాల మీద సున్నం పూసి, పొయ్యిబొగ్గుతో "ఓ గోదారమ్మా రేపు రా" అని రాశాడు. నీళ్లు ఆగలేదు. కారణం కాసేపటికి తెలిసింది. గోదావరికి చదవడం రాదు. ఇందుకు ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. అంత దూరం నుంచి వచ్చే మనిషికి బడికెళ్లే తీరికెక్కడిది?

"నేను చదూతాను మావయ్యా," అని గండిలోంచి కనకరత్నం అంది. "ఐదు దాకా చదివాను."

చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, బోర్డు పక్కన నిలబడి, బళ్లో అప్పజెప్పినట్టు గట్టిగా చదివింది. నీళ్లు కొంచెంసేపు అక్కడే నిలబడి విన్నాయి. తర్వాత వెనక్కి తగ్గాయి. మర్నాడు అదే వేళకు గోదావరి మళ్లీ వచ్చింది. కనకరత్నం చదివింది. గోదావరి వెళ్లిపోయింది.

ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆడవాళ్లు తడిగుడ్డలు పెట్టి తలుపుల మీది అక్షరాలు తుడిచేశారు. కనకరత్నం ఎప్పుడు వచ్చినా ఏ ఇంట్లోకైనా రావచ్చు. ఆమె అత్తగారు ఆకులో జున్ను పట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"నీ గేదె ఈనిందే. పెయ్యదూడ. నీ పేరే పెట్టుకున్నాం."

"నా పేరెందుకత్తా, అది నీ మాటింటదా?"

"నువ్విన్నావా ఏంటి? ఆ వేళ ఎల్లొద్దని నేననలేదా? ఇంటికి రాయే, ఓసారి దూడని చూసెళ్దువుగాని."

కనకరత్నం ఏటి వైపు చూసింది. తను లేనప్పుడు గోదావరి వస్తే చదివేవారు ఉండరు. నిద్రపోయినా అంతే. "రేపొస్తానత్తా," అంది. అత్తగారు జున్ను బోర్డు కింద పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లింది.

వానలు తగ్గలేదు. ఒకనాడు కనకరత్నం బుల్లెంకన్నను పిలిచింది. "కాళ్లు నానిపోయాయి మావయ్యా. కాసేపైనా పడుకోవాలనుంది. గండి ఎప్పుడు పూడుస్తారో అడిగి రావా?"

అతను పడవెక్కి వెళ్లాడు. ఆఫీసు తలుపు మీద తను రాసింది చదివాడు. దణ్ణం పెట్టాడు. తర్వాత, జీవితంలో మొదటిసారి, చదివిన తర్వాత కూడా తలుపు తోసి లోపలికి వెళ్లాడు.

ప్రకాశరావు కోప్పడలేదు. కుర్చీ చూపించాడు. "గండా? ఏ గండయ్యా? నీళ్లు లోపలికి రాని చోటుని గండి అనరు. పైవాళ్లు చాలా మెచ్చుకున్నారు. మిగతా లంకలకీ బోర్డులు పంపుతున్నాం. చదివేవాళ్లే దొరకట్లేదు. మీ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా, మునిగిపోయినవాళ్లలో చదువొచ్చినవాళ్లు?"

"ఇప్పుడైతే లేరండి."

"ఉంటే చెప్పు."

"మరి ఆ అమ్మాయి ఎన్నాళ్లు నిలబడాలండి?"

"శాశ్వతమేం కాదయ్యా. తాత్కాలికం. రేపటి దాకా."

బుల్లెంకన్న మళ్లీ దణ్ణం పెట్టి వచ్చేశాడు. దీపాలు పెట్టే వేళకు గండి దగ్గర ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"రేపటి దాకానే అంట అమ్మాయ్."

కనకరత్నం తడిసిన కుచ్చెళ్లు పిండుకుంది. "పోన్లే మావయ్యా. ఎంతలోకి, రేపటి దాకానే కదా," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది. దెయ్యం ఆవలించడం అతను చూడటం అదే మొదలు. అతను ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బుల్లెంకన్న రేవుకు వెళ్లలేదు. కొబ్బరిచిప్పలో సున్నం, బొగ్గుముక్క, చంకలో చాప పెట్టుకుని గండి దగ్గరికి వచ్చాడు. వానకు కారిపోయిన అక్షరాలను సరిచేశాడు. గట్టు మీద పొడిగా ఉన్న చోట చాప పరిచాడు.

"నువ్వెళ్లి నడుం వాల్చమ్మాయ్."

"నువ్వు చదవగలవా మావయ్యా?"

"మూడేళ్లు ఎల్లాను."

కనకరత్నం చాప మీద పడుకుని కొంగు మొహం మీదికి లాక్కుంది. పొద్దెక్కే వేళకు గోదావరి వచ్చింది. బుల్లెంకన్న పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, బోర్డు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "గో" దగ్గర తడబడి, ఆగి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. గోదావరి తొందరపెట్టలేదు. అతను చివరికంటా చదివేదాకా నిలబడి, విని, వెనక్కి వెళ్లింది.

రేవులోంచి పడవవాడు, "తాతోయ్, ఆఫీసుకి రావా?" అని కేకేశాడు. పడుకున్న మనిషి నిద్ర చెడకూడదని, బుల్లెంకన్న జవాబు చెప్పకుండా బోర్డు వైపు వేలు చూపించాడు.