ఓబులమ్మ వంటింటి బండ

ఆ ఉదయం సుప్రజ వేసుకున్న ప్లాను చిన్నదే. నాయన ఆఫీసు కంప్యూటర్లో పదకొండు రోజులుగా నడుస్తున్న లెక్క పదింటికి ముగుస్తుంది, సాయంత్రం ఐదులోపు పీహెచ్‌డీ గైడుకు పంపాలి. లెక్క పేరు పెరిడైనమిక్స్. బండను లక్షల చుక్కలనుకుని, చుక్కకూ చుక్కకూ మధ్య పట్టు ఎంత లాగితే తెగుతుందో చూసి, పగులు ఎటు పోతుందో ముందే చెప్పే పద్ధతి. నిజం బండ కూడా అలాగే పగిలినట్టు ఫోటో లేకపోతే పేపరు ముట్టనని గైడు తెగేసి చెప్పాడు. ఆ ఒక్క బండను నాయన వెంకటేశ్వర్లు మూడు నెలలుగా ఇవ్వడం లేదు.

"బండలమ్ముకుని బతికేటోని యార్డులో బండ పగలగొడతావా? నా కండ్లముందర జరగదు!"

కడప శివార్లలో ఆయనకు పాలిష్ బండల ఫ్యాక్టరీ ఉంది. కోపం అంతకంటే ముందునుంచీ ఉంది.

రాయచోటి ఓబులమ్మ వంటింటికి కోసిన బండ కొలతలు, సింకు రంధ్రంతో సహా, సుప్రజ పదకొండు రోజుల కిందటే లెక్కలోకి ఎక్కించి, పైన "ఓబులమ్మ బండ" అని రాసిపెట్టింది. ఈ ఉదయం లెక్క నడుస్తుండగానే టిఫినుకు ఇంటికి పోయింది. యార్డు కెమెరాల బొమ్మలు కూడా అదే తెరమీద వస్తాయి. వెంకటేశ్వర్లు వచ్చి చూసేసరికి తెరమీది ఓబులమ్మ బండలో సింకు మూలనుంచి ఎర్రటి పగులు పాకుతోంది. నిన్న ఆ బండను లోడు చేయించింది యార్డు మేస్త్రీ మద్దిలేటి.

"పగిలిన బండను ఎత్తి పంపినావేంరా? కెమెరాలో దొరికినావు!"

ముప్పై ఏళ్లుగా సుత్తితో తట్టి, శబ్దం విని, బండ మంచిచెడ్డలు చెప్పే మద్దిలేటికి ఒళ్లు మండిపోయింది.

"నా చెవినే తప్పంటావా అన్నా? బండ తెప్పీ. అందరి ముందర తడతా!"

వెంకటేశ్వర్లు వెంటనే ఓబులమ్మకు ఫోను చేశాడు. "బండ బిగించొద్దమ్మా, పగులుండాది."

సుప్రజ తిరిగొచ్చి నెత్తి బాదుకుంది. "అది కెమెరా కాదు నాయనా, లెక్క!"

"మూన్నెల్లనుంచి పగలాల, పగలాల అని శాపం పెడ్తాండావు. పగిలింది!"

రెండింటికి ఓబులమ్మ మినీ లారీలో బండతో సహా దిగింది. "ఏమప్పా, రేపు గృహప్రవేశం పెట్టుకోని ఉండా. పగిలిన బండ అంటగడతావా?"

మద్దిలేటి తట్టాడు. బండ గంటలా ఖంగుమంది. ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు.

"లేని పగులుకు నన్ను ఇంత దూరం తిప్పినావా? ఇంక దీన్ని ఎట్ల నమ్మేది?" ఓబులమ్మ గొంతు రోడ్డుదాకా వినబడింది.

"నమ్మవా? చూడు!" వెంకటేశ్వర్లు బండను రెండు దిమ్మెల మీద పెట్టించి, తనే ఎక్కి నిలబడ్డాడు. ఏమీ కాలేదు. కూతురి వైపు తిరిగాడు. "ఏదీ నీ లెక్క? యాడ పగిలింది? ఈడనా?" అంటూ సింకు పక్కన కాలితో దబ్బున తన్నాడు.

ఫట్టుమంది. సింకు మూలనుంచి, తెరమీద చూపించిన వాలులోనే, బండ రెండు ముక్కలైంది. మధ్యలో వెంకటేశ్వర్లు నేలమీద నిలబడి ఉన్నాడు. ఓబులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. సుప్రజ మాత్రం ఫోటో తీసుకుంది.

మద్దిలేటి కొత్త బండ కోయడానికి లేచాడు. ఐదుకు పది నిమిషాలుండగా గైడు జవాబు వచ్చింది: సరిగ్గా సరిపోయింది, బండ మీద ఎంత బరువు వేశారు?

సుప్రజ నాయనను కాటా దగ్గరికి లాక్కుపోయింది. "చెప్పులిడిసి ఎక్కు నాయనా."

ఆ పేపర్లో వెంకటేశ్వర్లు పేరు ఎక్కడా లేదు, బరువు మాత్రం ఉంది.