నాచారంలో జపాన్ బాత్రూం

మా వార్డు కార్పొరేటర్ బిక్షపతన్న, నాచారం సర్కారు బడికీ జపాన్‌లో ఒక బడికీ మధ్య సాంస్కృతిక మార్పిడి జరుగుతుందని ప్రకటించిన రోజున నా ఫ్లెక్సీ దుకాణంలో మిషన్ ఆగలేదు. 'జపాన్ గడ్డ మీద నాచారం బిడ్డలు' అని ఉప్పల్ దాకా కట్టాం. బిడ్డలంటే బడిపిల్లలనుకున్నాం. పిల్లలకు కొత్త చోట నీళ్లు పడవని అన్న పెద్ద మనసుతో ఆలోచించి, తనూ బామ్మర్ది ఉపేందరూ వెళ్లారు. ఈ రోజుల్లో ఇంత త్యాగం ఎవరు చేస్తారు?

జపాన్‌లో పిల్లలు తమ బడిని తామే శుభ్రం చేసుకుంటారట, మరుగుదొడ్లతో సహా. అతిథుల చేతికీ బ్రష్‌లిచ్చారు. ఇంట్లో చాయ్ గ్లాసు కూడా కడగని అన్న అక్కడ వారం రోజులు కడిగారు. వీడ్కోలు సభలో మైకు దొరికేసరికి ఆగలేక, మా బడి బాత్రూములు ఇంతకన్నా మెరుస్తుంటాయి, వచ్చి చూడండి అన్నారు. వాళ్లు నమ్మారు. వచ్చి మీ పిల్లలతో కలిసి కడుగుతామని కబురు పెట్టారు.

మా బడిలో బాత్రూం లేదు. ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టరు. తొమ్మిదో తరగతి సంతోషి ఇంటర్వెల్‌కు ఇంటికి పోయి తిరిగి రాని రోజులే ఎక్కువ. ఇప్పుడైనా కట్టిస్తారని హెడ్మిస్ట్రెస్ అనంతలక్ష్మిగారు ఆశపడ్డారు. అన్న నా దుకాణానికి వచ్చారు.

"సాంబయ్యా, మంచి బాత్రూం ఫొటో నెట్‌ల దొర్కుతదా?"

"దొర్కుతది అన్నా. ఎంత సైజు?"

"అసలు సైజే. పక్కన నా ఫొటో మర్వకు."

తలుపులు, టైల్స్, కుళాయిలు, పక్కనే దండం పెడుతున్న అన్న. బడి వెనక గోడకు బిగించాం. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, దూరం నుంచి చూస్తే నాకే అటు వెళ్లాలనిపించింది.

జపాన్ పిల్లలు బ్రష్‌లతో సహా వచ్చారు. తాళంచెవి పోయిందని ఉపేందర్ చెప్పాడు. అయితే బయటైనా కడుగుతామని వాళ్లు ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా తుడిచారు. ఒక పిల్ల అన్న మొహం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టింది. తర్వాత అందరూ వంగి నమస్కారం చేసి బస్సెక్కారు.

మర్నాడు విప్పుకుందామని వెళ్తే గోడకు ఫ్లెక్సీ లేదు. మూలన నాలుగు కర్రలు పాతి ఆడపిల్లలు దాన్ని చుట్టూ కడుతున్నారు. సంతోషి తాడు బిగించి ముడేస్తోంది. అన్న బొమ్మ బయటివైపు ఉంది. నాకు భయం వేసింది. లోపలికి తిప్పితే అన్న పరువు దక్కుతుంది కదమ్మా అన్నాను.

"లోపలుంటె మాకు సిగ్గయితది అంకుల్. బయటనే ఉండనీ, కావలుంటడు."

సాయంత్రం అన్న వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు. ఇక నా దుకాణానికి తాళమే అనుకున్నాను. ఆయన ఉపేందర్‌ను కత్తెర, రిబ్బన్ తెమ్మని పంపారు. పేపరు వాళ్లకు ఫోన్ చేశారు. రిబ్బన్ కట్టబోతుంటే సంతోషి అడ్డంగా నిలబడింది.

"లోపల మనిషున్నరు. జర ఆగుండ్రి."

అన్న కత్తెర పట్టుకుని తన ఫొటో పక్కనే నిలబడ్డారు.