విన్నవారి సంతకం

ప్రపంచశాంతి యావత్తూ ఫారం పదిహేడులోని ఆరో గడి మీద ఆధారపడి ఉంది. ఈ సంగతి చాలా దేశాలకు తెలియదు. ఆ గడి పేరు "శబ్దమును స్వయముగా విన్నవారి సంతకము".

భూగర్భ పేలుళ్ల నిఘా కేంద్రంలో ఆ ఫారం నింపే ఉద్యోగిని అందరూ గీతలాయన అంటారు. దేశాలు గుట్టుచప్పుడు కాకుండా కొండల కింద అణుబాంబులు పేల్చుకుంటే, ఆ గుట్టు నేల అదురుగా ఒకసారి, గాలి అలగా మరోసారి ఆయన యంత్రాల్లో గీతలై బయటపడుతుంది. ఆ గాలి అల మనిషి చెవికి అందనంత మంద్రమైన శబ్దం. (అందుకే యంత్రాలు కొన్నారు. ఆ విషయం ఫారం అచ్చు వేయించినవారికి ఎవరూ చెప్పలేదు.)

ఆ ఉదయం పదీ ఐదుకు నేల అదిరింది. ఇరవై రెండు నిమిషాల తర్వాత గాలి కబురూ వచ్చింది. రెండూ సరిహద్దు అవతలి కొండనే చూపించాయి. భూకంపం గీత ఇలా ఉండదు. కొండ పగిలి విషధూళి బయటపడి ఉంటే, గాలి ఇటే వీస్తోంది. ఇవతల మొదటి ఊళ్లో ఆయన అక్క బడికి హెడ్‌మిస్ట్రెస్. గీతలాయనకు భయం వేసింది.

ధ్రువీకరణాధికారి ఫారం చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఆరో గడి ఖాళీగా వదిలేశావేమయ్యా?"

"అది ఎవరి చెవికీ వినపడదు సార్."

"వినపడనిది శబ్దమెలా అవుతుంది?"

"పోనీ, నేల అదిరింది కదండీ!"

"అదురుకు వేరే ఫారం. అందులో కారణాల కింద పేలుడు అన్న మాటే లేదు. లారీ అని ఉంది, రాసుకుంటావా?"

అయినా అన్యాయం జరగకూడదని అధికారి అత్యవసర సంఘాన్ని పిలిపించారు. సంఘం కిటికీ తెరిచి పావుగంట చెవులు రిక్కించి, ఏమీ వినపడలేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఒక సభ్యుడు తనకు అసలేమీ వినపడలేదని సవరణ ప్రతిపాదించారు.)

గీతలాయన వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు.

"అక్కా, పిల్లల్ని లోపలికి పంపి తలుపులు మూయించు."

"ఇవాళ ఆటల పోటీలురా. రెండొందల మంది మైదానంలో ఉన్నారు. పైనుంచి ఆర్డరు లేకుండా ఆపితే నన్నే ఆపేస్తారు. ఏమైందో చెప్పు."

"ధ్రువీకరణ కాకుండా చెప్పకూడదక్కా."

"అయితే ఆ ఆర్డరేదో పంపించరా బాబూ!"

ఆయన తిన్నగా లోపలికి వెళ్లి ఆరో గడిలో సంతకం పెట్టాడు.

"విన్నావా? ఆ ముక్క ఇందాకే చెప్పి ఏడవచ్చుగా!" అని అధికారి ముద్ర కొట్టారు. మూడు నిమిషాల్లో ఆర్డరు వెళ్లింది. పిల్లలు లోపలికి పోయారు, తలుపులు పడ్డాయి. మధ్యాహ్నానికి ఖాళీ మైదానం మీద ధూళి దిగింది.

మర్నాడు ఆయనకు తాఖీదు వచ్చింది. మనిషికి వినపడని శబ్దం విన్నందుకు చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. చెవులు అందరికీ ఉన్నట్టే ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు. దాంతో సంతకం అబద్ధమని తేలింది, ఉద్యోగం ఊడింది.

ఆయన స్థానంలో నిజాయితీపరుణ్ణి వేశారు. అతను చెవిన పడనిదే సంతకం పెట్టడు. ఆ రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడా ఒక్క అణుపేలుడు కూడా జరగలేదు.