కాప్రా బస్సు ఆగింది, నాయకుడు పుట్టాడు

ఈ రాష్ట్రంలో నాయకుల కొరత తీరాలంటే ఉన్న బస్సులన్నీ తక్షణం ఆపేయాలి. ఊరికే అనడం లేదు. మా కంపెనీలో ఒక్క బస్సు ఆపితే నెల తిరక్కుండా ఒక నాయకుడు పుట్టాడు. ఆ నాయకుణ్ణి నేనే!

పేరు లూకా. సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ పక్కన నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో హెడ్ క్లర్కుని. హాజరు పట్టీ, సర్క్యులర్లు, నోటీసులు అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాలి. నాలో ఒక నాయకుడు దాగున్నాడన్న సంగతి మొన్న మొన్నటిదాకా మా ఆవిడ సలోమికి కూడా తెలీదు.

అంతా మా మేనేజరు జ్ఞానశేఖర్ గారి చలవ. ఆయన హిమాలయాల్లో పన్నెండు రోజులు నడిచి, గడ్డంతోనూ నూట నలభై స్లైడ్లతోనూ తిరిగొచ్చారు. ఒక శనివారం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, సుదీర్ఘ నడక మనిషికి నేర్పే పాఠాలు బోధించారు. మూటలో బరువు తగ్గించుకో. ఇంకా ఎంత దూరమని అడగకు. కాలి బొబ్బే నీ గురువు. ఇలాంటివి. మేం బుద్ధిగా నోట్సు రాసుకున్నాం. సారు సామానంతా ఒక కంచర గాడిద మోసినట్టు ముప్పయ్యో స్లైడులో కనబడింది. దాని వ్యక్తిత్వం ఏ మేరకు వికసించిందో మాత్రం చెప్పలేదు.

పాఠం విని ఊరుకుంటే అది చదువవుతుందా? సోమవారం నుంచే ఆచరణ మొదలైంది. కంపెనీ మొట్టమొదట దించుకున్న బరువు, కాప్రా నుంచి ఏ.ఎస్. రావు నగర్ మీదుగా మా వాళ్ళని తీసుకొచ్చే స్టాఫ్ బస్సు! ఆ సర్క్యులర్ టైపు చేసే భాగ్యం నాకే దక్కింది. సారు కారు మాత్రం రద్దు కాలేదు. ఆయన ఆల్రెడీ నాయకుడు కదా, మళ్ళీ నడిస్తే మోతాదు మించుతుంది!

గొణిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. అకౌంట్స్‌లో ప్రేమమణి గారు, బస్సు మళ్ళీ ఎప్పుడు వేస్తారని అడిగారు. ఎంత దూరమని అడగకూడదని చెప్పాను కదమ్మా అని సారు నవ్వుతూ పాఠం గుర్తుచేశారు. స్టోర్స్ తుకారాంకి చెప్పు కరిచి మడమ పుండైతే, గురువు దొరికినందుకు అభినందించారు. ఇంత ఓపికున్న అధికారి మీ ఆఫీసులో ఉన్నాడా?

ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు అరణ్యంలో నడిచారని మా పాస్టరుగారు చెప్పినప్పుడల్లా జాలిపడేవాణ్ణి. ఇప్పుడు అసూయగా ఉంది. నలభై ఏళ్ళ ట్రైనింగు! కాకపోతే అక్కడ మోషే కూడా వాళ్ళతోపాటే నడిచాడు. అప్పటికింకా మేనేజ్‌మెంట్ అంతగా ఎదగలేదు, పాపం.

తర్వాతి వారం ఆఫీసర్లకీ క్లర్కులకీ తలా ఒక చిన్న మిషను పంచారు. నడుముకి తగిలించుకుంటే వేసిన అడుగులన్నీ లెక్కపెడుతుంది. నెలాఖరుకి ఎవరివి ఎక్కువైతే వారికి 'ఉత్తమ నాయకుడు' అని సర్టిఫికెట్. ప్రమోషన్ల జాబితాలో దానికి విడిగా ఒక గడి కూడా పెట్టారు. నాకా, మోకాళ్ళ నొప్పులు. పైగా స్కూటరుంది. మరి నాలోని నాయకుణ్ణి చంపుకోమంటారా?

మా ఆఫీసు ఊడ్చి, టీ పెట్టి, మూడంతస్తులూ ఎక్కి దిగి బల్లబల్లకీ అందించే నాంచారమ్మ ఉంది. కాప్రా చెరువు వెనకాల ఇల్లు. పొద్దున ఏడింటికల్లా ఆఫీసు తాళం తీయాలి. ఇదివరకు మొదటి ట్రిప్పు బస్సులో వచ్చేది. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్ దాకా నడుస్తుంది. అక్కడ సిటీ బస్సు కిక్కిరిసి ఆగకుండా పోతే తర్వాతి స్టాపుకి, అక్కడా ఆగకపోతే ఆ పై స్టాపుకి నడుస్తుంది. ఆమెకు మిషను ఇవ్వలేదు. టీ పెట్టేవాళ్ళకి వికాసంతో ఏం పని?

అన్యాయం అనిపించింది. నా మిషను ఆమెకిచ్చాను. అదేమిటో చెప్పి, చీర కుచ్చిళ్ళ దగ్గర తగిలించుకోమన్నాను. రోజూ సాయంత్రం అందులో అంకె చూసి నా పేరున రాసుకున్నాను. రెండు వారాలు ఆమె నడిచింది. రెండు వారాలు నేను ఎదిగాను!

ఫలితాలొచ్చాయి. నావి రెండు లక్షల అరవై వేల అడుగులు. రెండో స్థానం వాడు లక్ష కూడా దాటలేదు. సారు నన్ను కావలించుకుని, ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. శిఖరం వైపు చూడలేదు సార్, ముందున్న అడుగే చూశాను అన్నాను. హాలంతా చప్పట్లు. చప్పట్లయ్యాక అందరికీ టీ ఇచ్చింది నాంచారమ్మే.

అదే సాయంత్రం సారు నన్ను పిలిచి ఒక నోటీసు టైపు చేయమన్నారు. నెలలో ఆరు లేట్లు దాటితే కాంట్రాక్టు మనిషిని తీసేయాలని రూలు. నాంచారమ్మవి తొమ్మిది. ఆ తొమ్మిదీ హాజరు పట్టీలో ఎర్ర సిరాతో రాసింది నేనే. ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదని టైపు చేశాను. ఆ ఇంట్లో సంపాదించే మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు ఆమె మిషనుని కొంగుతో తుడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తీసేస్తారన్న మాట అప్పటికే చెవిన పడినట్టుంది.

"లూకా సారూ, నాకు లేటని రాసిండ్రు గద. నేను ఎంత నడిచిన్నో గిండ్ల ఉంటదంటిరి. జెర పెద్దసారుకు చూపియ్యుండ్రి. నేను ఇంట్ల పండుకొని లేటు జెయ్యలేదని ఆయనకు సుత తెలుస్తది."

"చూపించానమ్మా," అన్నాను. అబద్ధం కాదు కదా!

"ఏమన్నడు?"

"చాలా మెచ్చుకున్నారు."

ఆమె మొహం విప్పారింది. కప్పులు తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది.

ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది. నోటీసు నా సొరుగులోనే ఉంది. సర్టిఫికెట్ కూడా అక్కడే, దాని కిందే ఉంది.

జ్ఞానశేఖర్ గారూ! ఈ పత్రిక మీ బల్ల మీదికి టీతోపాటు వస్తుంది. ఆ టీ తెచ్చే మనిషి కాళ్ళవైపు ఒక్కసారి చూడండి. ఆ రెండు లక్షల అరవై వేలూ ఆమెవి. నేను స్కూటరు మీద వచ్చాను. నా సర్టిఫికెట్ తీసేసుకోండి, నా గడిలో సున్నా వేసుకోండి, నోటీసు మాత్రం చించేయండి. ఇంకా ఎంత దూరమని నేను అడగను. కాప్రా బస్సు మళ్ళీ ఎప్పుడు వేస్తారో చెప్పండి.